పాత కుట్టు మిషన్: బంగారు పూలు చెరగకుండా శుభ్రం చేసి మెరుగు పెట్టడం ఎలా?

"పాత మిషన్ ఒకటి ఉంది. మకిలి పట్టి నల్లబడిపోయింది, చక్రం కూడా తిరగట్లేదు. ఏం పెట్టి తుడవాలి?" చాలామంది ఇదే అడుగుతున్నారు. కొందరైతే అద్దాలు తుడిచే స్ప్రే కొట్టేసి, పూలు చెరిగిపోయాక అడుగుతున్నారు. అప్పుడు చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు. అందుకే మొదటి చుక్క వేయడం దగ్గర్నుంచి చివర కుట్టి చూసేదాకా అన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఇది నల్లటి ఒంటి మీద బంగారు రంగు పూలు, గీతలు ఉన్న ఇనప మిషన్ల కోసం. చేతితో తిప్పేదైనా, కాలితో తొక్కేదైనా, మోటార్ ఉన్నదైనా పద్ధతి ఒకటే. ఆ తర్వాతి కాలంలో వచ్చిన లేత రంగు పెయింట్ మిషన్లకు ఇంత భయం అక్కర్లేదు. కొన్ని చుక్కల సబ్బు కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడిస్తే సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు తెలియాల్సింది

ఆ నలుపు మామూలు పెయింట్ కాదు. తారు జాతి పదార్థం పూసి, వేడిలో కాల్చి గట్టిపరిచిన పూత. దీన్ని జపానింగ్ అంటారు. దాని మీద పూల బొమ్మలు అంటించి, వాటి రక్షణకు పైన పల్చగా లక్క గానీ వార్నిష్ గానీ పూసేవారు. మనం తుడిచేటప్పుడు చెయ్యి తగిలేది ఈ పై పొరకే. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. నీళ్లు నిలిస్తే తెల్లబారుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లకు కూడా తట్టుకోదు. ఆ పొర పోయాక పూలలోని బంగారు రంగు కూడా పోయి, కింద వెండి రంగు బయటపడుతుంది. అలా వెండి తేలిన పూలను మళ్లీ బంగారంగా మార్చే మందు లేదు.

మకిలిని ఇవాళ కాకపోతే రేపైనా తీయొచ్చు, పోయిన పూతను మాత్రం తేలేం. కింద చెప్పిన ప్రతి జాగ్రత్తకూ కారణం ఇదే.

కావలసినవి

- తెల్లటి మెత్తని నూలు గుడ్డలు, దూది, ఇయర్ బడ్స్. గుడ్డ తెల్లగానే ఉండాలి, ఏం రంగు ఊడి వస్తోందో దాని మీదే తెలుస్తుంది.
- కుట్టు మిషన్ నూనె. నీళ్లలా పల్చగా, రంగు లేకుండా ఉండేది. కొంచెం ఎక్కువే తెచ్చుకోండి, తుడవడానికీ అదే వాడతాం.
- కొద్దిగా కిరోసిన్, లోపలి భాగాలకు మాత్రమే.
- పాత టూత్ బ్రష్, చిన్న పెయింట్ బ్రష్, పళ్లు కుట్టుకునే పుల్లలు, పట్టకారు.
- స్క్రూల గాడిలో సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్లు, రెండు మూడు సైజుల్లో.
- లోహాలకు మెరుగు పెట్టే పేస్టు.
- గరుకు పదార్థం కలపని కార్నోబా మైనం. కార్లకు వాడే స్వచ్ఛమైన మైనం పనికొస్తుంది. "క్లీనర్ వ్యాక్స్" అని రాసి ఉంటే వద్దు, అందులో రాపిడి పొడి ఉంటుంది.
- కొత్త సూది, రెండు రంగుల దారాలు, పాత నూలు గుడ్డ ముక్కలు.

దగ్గరికి కూడా రానీయకూడనివి

స్పిరిట్, శానిటైజర్, నెయిల్ పాలిష్ రిమూవర్, పెయింట్ థిన్నర్, అద్దాల స్ప్రే, గిన్నెలు తోమే పొడి, గరుకు కాగితం. తుప్పు వదిలించే స్ప్రేలను మిషన్ నూనెకు బదులుగా వాడొద్దు. అవి బిగుసుకున్న స్క్రూని వదిలించడానికి పనికొస్తాయి కానీ, తిరిగే భాగాల మధ్య నూనెలా నిలవవు. వంట నూనె, తలనూనె అసలే వద్దు. కొన్నాళ్లకు అవి బంకలా గట్టిపడతాయి. బిగుసుకుపోయిన చాలా మిషన్లలో కనిపించే ఆ గోధుమ రంగు బంక సరికాని నూనె ఎండిపోగా మిగిలిందే.

1. ఫోటోలు తీయండి

అన్ని వైపుల నుంచీ తీయండి. దారం వెళ్లే దారి, టెన్షన్ బిళ్లలు (దారాన్ని మధ్యలో నొక్కి పట్టే గుండ్రటి రేకులు), బాబిన్ చోటు, సూది ఎటు తిరిగి ఉందో, ఇవి దగ్గర నుంచి తీయాలి. సూది తీసే ముందు దాని చదును వైపు ఎటుందో ప్రత్యేకంగా ఒక ఫోటో ఉండాలి. పాత సూదిని పారేయకండి. కొత్తది కొనేటప్పుడు పొడవు పోల్చి చూడటానికి అదే ఆధారం.

మిషన్ ఇనప బల్ల (సూది కింద చదునుగా ఉండే భాగం) మీద చెక్కిన నంబర్ కూడా రాసి పెట్టుకోండి. సింగర్ మిషన్ అయితే నంబర్ ముందు ఇంగ్లీషు అక్షరం ఉందో లేదో చూడండి. కంపెనీ 1900 నుంచి అక్షరాలు వేయడం మొదలుపెట్టింది. ఉత్త అంకెలే ఉంటే మీ చేతిలో ఉన్నది అంతకు ముందుది. అంత పాతదైతే తుడిచేటప్పుడు ఇంకొంచెం నెమ్మదించండి.

2. కనిపించని చోట పరీక్ష

ఈ మెట్టు దాటేసిన వాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు. మిషన్ ఇనప బల్ల అడుగు అంచున గానీ, వెనక వైపు పూలు లేని చోట గానీ ఒక చుక్క మిషన్ నూనె రాసి, కొన్ని నిమిషాలు ఆగి దూదితో తుడవండి. తర్వాత వెనక వైపు ఉన్న చిన్న పువ్వు అంచు మీద ఇదే చేయండి.

దూది మీద గోధుమ రంగో పసుపో వస్తే అది పాత జిడ్డు, ముందుకు వెళ్లొచ్చు. నల్లగా వస్తే మకిలి కావచ్చు, పూతే ఊడుతూ ఉండొచ్చు. కొత్త దూదితో అదే చోట మళ్లీ తుడవండి. నలుపు తగ్గితే మకిలే. తగ్గకపోతే ఆపేయండి. మెరిసే బంగారు రేణువు ఒక్కటి కనిపించినా ఆ పూల మీద ఇక చెయ్యి వేయకండి. తుడిచిన చోట వేలికి బంకగా తగులుతుంటే పై పొర కరుగుతోందన్నమాట, అక్కడా ఆపేయాలి.

3. చక్రం ఎందుకు తిరగట్లేదో చూడండి

ఒంటిని తుడవడం కన్నా ముందు లోపలి పని చేయాలి. లేదంటే లోపలి నుంచి నల్లటి నూనె కారి, తుడిచిన ఒంటినంతా మళ్లీ పాడుచేస్తుంది.

చక్రం బిగుసుకుంటే చాలామంది బలమంతా పెట్టి తిప్పుతారు. ఇది వద్దు. ముందు మూడు చోట్ల చూడండి. బాబిన్ చోట షటిల్ (బాబిన్‌ని పట్టి ఉంచే భాగం) వెనక దారం ఇరుక్కుందా? చక్రం వెనక ఇరుసుకి దారం చుట్టుకుందా? సూది కింద గుడ్డను ముందుకు జరిపే పళ్ల కింద పీచు గట్టిపడిందా? చాలాసార్లు అసలు కారణం వీటిలోనే దొరుకుతుంది. దారాన్ని పట్టకారుతో కొద్దికొద్దిగా లాగండి, అవసరమైతే కత్తిరించండి.

అప్పటికీ కదలకపోతే అది ఎండిన నూనె. ఇనుము ఇనుముతో కలిసే ప్రతి కీలులో ఒక చుక్క కిరోసిన్ వేసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున చక్రాన్ని ముందుకూ వెనక్కీ చాలా కొద్దిగా ఊపి చూడండి. వెంట్రుకంత కదిలినా పని అవుతుందనే అర్థం. మళ్లీ వేయండి, మళ్లీ ఆగండి. కొన్ని మిషన్లకు ఇలా రోజుల తరబడి పడుతుంది. మొండికేసిన కీలుకి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో కాస్త వేడి తగిలిస్తే లోపలి బంక మెత్తబడుతుంది. అయితే కిరోసిన్ వేసిన చోట మాత్రం వేడి పెట్టకూడదు. వేడి చేయాలనుకున్న కీలులో మిషన్ నూనే వేయండి. పూల మీదికి వేడి పోనీయకండి, లక్క మెత్తబడుతుంది.

కిరోసిన్‌తో పని చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. మోటార్‌లోకి, వైర్ల మీదికి ఒక్క చుక్క కూడా వెళ్లకూడదు. ఒంటి మీద పడితే వెంటనే తుడిచేయండి.

4. లోపలి మకిలి తీయడం

సూది, గుడ్డను నొక్కి పట్టే ఫుట్, దాని కింది సూది ప్లేట్, బాబిన్‌ని మూసే జారే ప్లేట్, సూది వైపు ఉన్న పక్క మూత తీయండి. స్క్రూ రాకపోతే స్క్రూడ్రైవర్‌ని నిలువుగా నొక్కి పట్టి, ముందు కాస్త బిగించే వైపు, తర్వాత వదిలే వైపు తిప్పండి. గాడి అరిగిందంటే ఆ స్క్రూతో తర్వాత చాలా అవస్థ. ఏ స్క్రూ ఎక్కడిదో రాసి విడివిడిగా పెట్టుకోండి.

పళ్ల మధ్య నూనె తాగి గట్టిపడిన పీచు చాపలా అంటుకుని ఉంటుంది. అది ఉన్నంతకాలం గుడ్డ సరిగ్గా ముందుకు జరగదు. పుల్లతో గీకి, పట్టకారుతో ముక్కలుగా లాగండి. ఊదితే పోదు, పైగా ఇంకా లోపలికి వెళ్తుంది.

తర్వాత టూత్ బ్రష్‌ని కిరోసిన్‌లో తడిపి కీళ్లు, కడ్డీలు రుద్దండి. మిషన్‌ని వెనక్కి వంచి అడుగు భాగం కూడా చేయండి. చక్రం తిప్పుతూ ఉంటే నల్లటి ద్రవం బయటికి వస్తుంది. తుడవండి, మళ్లీ తిప్పండి. గుడ్డ మీద నలుపు రావడం ఆగేదాకా ఇంతే. అంతా అయ్యాక పొడిగుడ్డతో తుడవడం మరిచిపోవద్దు.

చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి బిగింపు కూడా చాలామందికి తలనొప్పి తెస్తుంది. బాబిన్ చుట్టేటప్పుడు సూది కదలకుండా ఉండాలంటే దాన్ని వదులు చేస్తాం కదా, దాని వెనక ఒక వాషర్ ఉంటుంది, లోపలి అంచున రెండు కొక్కేలతో. శుభ్రం చేసి తిరిగి పెట్టాక బిగింపు సరిగ్గా పనిచేయకపోతే ఆ వాషర్‌ని సగం చుట్టు తిప్పి పెట్టి చూడండి. సాధారణంగా సమస్య అక్కడే తీరిపోతుంది.

5. టెన్షన్ బిళ్లలు

మొదటిసారి అయితే వీటిని విప్పకండి, ఇది నా గట్టి సలహా. ఫుట్ పైకి ఎత్తితే బిళ్లలు వదులవుతాయి. సన్నటి గుడ్డ పేలికను వాటి మధ్య దూర్చి ముందుకూ వెనక్కీ లాగండి. లోపలి మకిలి, దారం ముక్కలు వచ్చేస్తాయి. తుప్పు పట్టి విప్పక తప్పదంటే, ఒక్కో భాగం తీసేకొద్దీ వరసలో పేర్చి ఫోటో తీసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు రెండు బిళ్లల ఉబ్బిన వైపులు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. ఈ బిళ్లలకు నూనె రాయకూడదు.

6. నూనె వేయడం

కిరోసిన్ మకిలిని మాత్రమే తీస్తుంది, అరుగుదలను ఆపదు. కాబట్టి అది ఆరాక వెంటనే నూనె వేయాలి. పైన కనిపించే నూనె రంధ్రాలు, సూది కడ్డీ, ఫుట్ కడ్డీ, దారం లాగే లివర్, షటిల్ తిరిగే గాడి, అడుగున ఉన్న కీళ్లు అన్నింటికీ ఒక్కో చుక్క చాలు. వేసి, చక్రం మీ వైపుకు తిప్పుతూ ఉండండి.

అన్ని చోట్లా నూనే అనుకోవద్దు. 1933లో వచ్చిన సింగర్ 221, అలాగే 201 లాంటి వాటిలో పళ్లచక్రాలు ఉంటాయి. వాటికి గ్రీజు పెట్టాలి. గ్రీజు గొట్టాలున్న మోటార్‌లో నూనె పోస్తే మోటార్ పాడవుతుంది. బెల్టుకీ, బాబిన్ చుట్టే చోట ఉండే రబ్బరు రింగుకీ నూనె తగలకూడదు, జారిపోతాయి, రబ్బరు ఉబ్బిపోతుంది.

7. ఒంటిని తుడవడం

ఇక అందరూ ఎదురుచూసే పని. అరచేతి వెడల్పు చోటు మాత్రమే తీసుకోండి. దూదికి మిషన్ నూనె బాగా పట్టించి ఆ చోటంతా రాసి, కొన్ని నిమిషాలు నాననివ్వండి. తర్వాత కొత్త దూదితో, రుద్దకుండా, మెల్లగా గుండ్రంగా తిప్పుతూ తీయండి. దూది రంగు మారగానే పారేసి మరొకటి తీసుకోండి. మకిలి పట్టిన దూదితోనే కొనసాగిస్తే అందులోని ఇసుక రేణువులే గీతలు పెడతాయి.

మొదటి విడతలో అంతా పోదు. పోవాలని పట్టుబట్టకండి. అదే చోట రేపు మళ్లీ చేయొచ్చు. పూల మీదికి వచ్చేసరికి ఒత్తిడి పూర్తిగా తగ్గించండి. పూలు బీటలు వారి ఉంటే తుడవకుండా, నూనె దూదితో అద్ది తీయండి.

గట్టి మకిలి గడ్డలు పూలు లేని నల్లటి చోట ఉంటే నూనెలో నానబెట్టి గోటితో తీయండి, లేదంటే పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో. బ్లేడు వద్దు. పాత టేపు జిగురు ఉన్నా నూనెలో నానితే వదులుతుంది.

నూనెకు లొంగని మకిలి ఉండి, పై పూత గట్టిగా ఉందని పరీక్షలో తేలితే, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల మెత్తని సబ్బు కలిపి, గుడ్డను బాగా పిండి ఒకసారి తుడవండి. వెంటనే పొడిగుడ్డ. ఒక్క నీటి బొట్టు కూడా నిలవకూడదు. పూల మీద మాత్రం ఇది కూడా చేయకపోవడమే మంచిది.

8. తెల్లగా మెరిసే భాగాలు

చక్రం అంచు, పక్క మూత, జారే ప్లేట్లు. వీటిలో ఊడేవాటిని ఊడదీసి, మిషన్‌కి దూరంగా పెట్టి మెరుగు పెట్టండి. లోహపు పాలిష్‌లు కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది, ఒంటి పూతకు తగిలితే నష్టం. ఊడదీయలేని చక్రం అంచు లాంటి చోట పక్కనున్న నలుపుని టేపు అంటించి కాపాడాలనుకోకండి. టేపు తీసేటప్పుడు పూత కూడా లేచి వస్తుంది. వేలికి గుడ్డ చుట్టుకుని, కొంచెం కొంచెంగా, అంచు దాటకుండా చేయండి.

పూత నికెల్‌దా క్రోమియందా చూడండి. నికెల్ కాస్త పసుపు ఛాయతో వెచ్చగా మెరుస్తుంది, క్రోమియం నీలి ఛాయతో చల్లగా. క్రోమియం మీద తుప్పు మచ్చలుంటే అల్యూమినియం ఫాయిల్ ముక్కని తడిపి రుద్దండి, ఆ లోహం క్రోమియం కన్నా మెత్తన కాబట్టి గీతలు పడవు. నికెల్ పూత పల్చగా ఉంటుంది. పేస్టుతో తేలిగ్గా ఒకటి రెండుసార్లు చాలు. ఎక్కువ రుద్దితే కింది లోహం బయటపడుతుంది. వెనిగర్‌లో నానబెట్టే చిట్కా ఈ భాగాలకు వద్దు.

స్టీల్ ఊల్ వాడాలంటే అన్నిటికన్నా సన్నని 0000 రకం, పూత లేని ఉత్త ఉక్కు మీద, అదీ వేరే బల్ల మీద. దాని పొడి మిషన్ లోపలికి పోతే కీళ్లను తినేస్తుంది.

సూది ప్లేట్ తిరిగి బిగించే ముందు దూది ఉండను దాని మీద, ముఖ్యంగా సూది రంధ్రం చుట్టూ లాగి చూడండి. పీచు చిక్కుకుంటే అక్కడ గరుకు ఉంది, దారం తెగడానికి అదే కారణం అవుతుంది.

9. మైనం

ఒంటి మీద మిగిలిన నూనెనంతా పొడిగుడ్డతో తుడిచేశాక మైనం పెట్టాలి. వేలితో తాకితే జిడ్డు తగలకూడదు. గుడ్డకి చాలా కొద్దిగా తీసుకుని, పల్చగా రాసి, మసకబారాక మరో శుభ్రమైన గుడ్డతో మెరిసేదాకా తుడవండి. ఒక పూత మందంగా పెట్టడం కన్నా రెండు పల్చటి పూతలు మేలు. బీటలున్న చోట మైనం వద్దు. పగుళ్లలో దూరి తెల్లటి గీతలుగా మిగిలిపోతుంది, తీయడం చాలా కష్టం.

అద్దంలా మెరవాలని రాపిడి పేస్టుల జోలికి వెళ్లకండి. వందేళ్ల మిషన్ మీద చేతులు ఆనిన చోట నలుపు మసకగా ఉండటం సహజం. దాన్ని అలాగే ఉండనివ్వమనే నేను చెబుతాను.

10. స్టాండ్, చెక్క, వైర్లు

చెక్క బల్లని పిండిన గుడ్డతోనే తుడవండి. తడి ఎక్కువైతే పైన అంటించిన పల్చటి చెక్క పొర లేచిపోతుంది. అవిసె నూనె రాస్తే, ఆ గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయొద్దు. అవి వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

ఇనప స్టాండ్‌ని పొడి బ్రష్‌తో దులిపి, కాలి పలక కీళ్లలో నూనె వేయండి. మోటార్ ఉంటే ప్లగ్ తీసేసి వైర్లు చూడండి. పాత రబ్బరు తొడుగు పెళుసుబారి పగిలి ఉంటే, మార్పించేదాకా ప్లగ్ పెట్టొద్దు. ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని.

పని సరిగ్గా అయిందా? ఇలా చూడండి

దారం లేకుండా చక్రం తిప్పండి. చుట్టంతా ఒకే తీరుగా తిరగాలి. ఒకే చోట బరువుగా అనిపిస్తుంటే అక్కడ కదిలే కీలులో ఇంకా బంక ఉంది, 4, 6 మెట్లు మళ్లీ చేయండి.

దారం ఎక్కించి, ఫుట్ ఎత్తి ఉంచి దారం లాగండి. సులువుగా రావాలి. ఫుట్ దించి లాగితే పట్టి లాగినట్టు ఉండాలి. రెండింటికీ తేడా తెలియకపోతే దారం బిళ్లల మధ్యకి వెళ్లలేదు, లేదా లోపల ఇంకా మకిలి ఉంది.

కొత్త సూది పెట్టి, పైన ఒక రంగు, బాబిన్‌కి మరో రంగు దారంతో పాత నూలు గుడ్డ మీద కుట్టండి. కింది వైపు పై దారం ఉంగరాలుగా వేలాడుతుంటే ముందు పై దారం మళ్లీ ఎక్కించండి, అప్పటికీ ఉంటే పై టెన్షన్ బిగించండి. కింది దారం పైకి చుక్కలుగా కనిపిస్తే పై టెన్షన్ కాస్త వదలండి. కుట్టు అసలు పడకపోతే సూది తిరగేసి పెట్టారేమో ఫోటో చూడండి. కాలితో తొక్కేటప్పుడు చక్రం మీ వైపుకే తిరగాలి, వెనక్కి తిరిగితే దారం చిక్కుపడుతుంది.

మొదట్లో గుడ్డ మీద నూనె మరకలు పడతాయి. కంగారు అక్కర్లేదు, మరకలు ఆగేదాకా పాత గుడ్డ మీదే కుట్టండి. వారం తర్వాత కూడా పడుతుంటే నూనె ఎక్కువ వేశారు. సూది కడ్డీ చుట్టూ, ఫుట్ కడ్డీ చుట్టూ తుడవండి.

తర్వాత మిషన్‌ని నూలు గుడ్డ కప్పి ఉంచండి. ప్లాస్టిక్ కవర్ లోపల తేమ నిలిచి తుప్పు పడుతుంది. వాడకపోయినా నెలకోసారి ఒకటి రెండు చుక్కలు వేసి చక్రం తిప్పుతూ ఉంటే మళ్లీ బిగుసుకోదు.